దారిలో అల్లే ముక్క

కోనసీమ నుంచి ఏ దిక్కుకు కారు తిప్పినా ఏదో ఒక గోదావరి పాయ దాటాల్సిందే. రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళితే జొన్నాడ దగ్గర గౌతమి, తణుకు వైపు తిరిగితే సిద్ధాంతం దగ్గర వశిష్ఠ. కాకినాడ దారిలో ఎదుర్లంక వంతెన. అమలాపురం నుంచి రాజోలు వెళ్లాలంటే బోడసకుర్రు దగ్గర వైనతేయ దాటాలి, ఇంకా ముందుకెళితే దిండి తర్వాత చించినాడ వంతెన కింద మళ్లీ వశిష్ఠ. ఈ దారుల్లో పండక్కో, సెలవలకో, మొక్కు తీర్చుకోవడానికో ఇంటిల్లిపాదీ కారెక్కినప్పుడు, చేతి సంచిలో దారం ఉండ, లేసు సూది పెట్టుకోకుండా గుమ్మం దాటలేనివారు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం.

వాళ్లలో చాలామంది అనుభవం ఒకేలా ఉంటుంది. బయల్దేరేటప్పుడు పెద్ద టేబుల్‌ క్లాత్ పట్టుకెళతారు, తిరిగొచ్చేసరికి నాలుగు వరుసలు కూడా సాగవు. మధ్యలో తల తిరుగుతుంది, దారం చిక్కుపడుతుంది, లెక్క తప్పుతుంది. ఊరు చూసిన తృప్తీ ఉండదు, పని అయిన తృప్తీ ఉండదు. నిజానికి ప్రయాణం, అల్లిక ఒకదానికొకటి అడ్డం కానే కావు. ఏ ముక్కను వెంట తీసుకెళ్లాలి, అది ఎవరి కోసం అల్లుతున్నది అనే రెండు ప్రశ్నలకు ఇల్లు కదలకముందే జవాబు చెప్పుకుంటే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

చేతిపని, అతుకుపని

ఆ జవాబు కోసం దూరం వెళ్లనక్కర్లేదు. వశిష్ఠకు అవతలి ఒడ్డున నరసాపురం ఉంది. అక్కడి క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పరిధిలో పశ్చిమ గోదావరి, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలు రెండింటికీ చెందిన 19 మండలాలు ఉన్నాయి. అంటే నదికి ఇటువైపు కోనసీమ అరుగుల మీద అల్లే లేసు కూడా ఆ పేరుకు హక్కున్నదే.

ఈ పనిని 1844లో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి రైతు కుటుంబాల ఆడవాళ్లకు నేర్పారని నమోదై ఉంది. 1899 నాటి కరువును, 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యాన్ని తట్టుకుని ఈ పని నిలిచింది. 1900ల తొలినాళ్లకే గోదావరి ప్రాంతంలో 2,000 మందికి పైగా మహిళలు ఇందులో ఉన్నారు. దిండు గలీబులు, సోఫా కవర్లు, దుప్పట్లు, బల్ల మీద పరిచే గుడ్డలు ఇక్కడి నుంచి బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్ వంటి దేశాలకు వెళ్లాయి. నరసాపురం పక్కన రుస్తుంబాదలో లేసు కోసమే ఒక అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం ఉంది.

కరువులోనూ మాంద్యంలోనూ ఇది నిలవడానికి ఒక కారణం పని జరిగే తీరులోనే కనిపిస్తుంది. పెద్ద దుప్పటిని ఒక్కరే మొదటి నుంచి చివరిదాకా అల్లరు. పువ్వులు, చక్రాలు, అంచులు విడివిడిగా ఎవరింట్లో వాళ్లు అల్లుతారు. అది చేతిపని. ఆ ముక్కలన్నీ ఒకచోట చేరాక కలిపి కుట్టేది అతుకుపని. ముక్క చిన్నది కాబట్టే అన్నం ఉడికేలోపు ఒకటి, పిల్లాడు బడి నుంచి వచ్చేలోపు ఇంకొకటి పూర్తయ్యాయి. పొయ్యి దగ్గర నుంచి పిలుపొస్తే పక్కన పెట్టి లేవగలిగారు, మళ్లీ వచ్చి అక్కడి నుంచే అందుకోగలిగారు.

కారు ప్రయాణంలోనూ ఇదే వరుస. టోల్‌గేటు వస్తుంది, పిల్ల నీళ్లడుగుతుంది, టీ కొట్టు దగ్గర ఆపుతారు. పది నిమిషాలకో ఆటంకం. నూట ఎనభై ఏళ్లుగా గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఆటంకాల మధ్య అల్లుకొచ్చిన పద్ధతే కారులోనూ పనికొస్తుంది. దారిలో చేతిపని, ఇంటి దగ్గర అతుకుపని. టేబుల్ క్లాత్ మొత్తం మోసుకెళ్లక్కర్లేదు. అందులోని పువ్వును మోసుకెళితే చాలు.

ఎవరి పని వెంట తీసుకెళ్లాలి?

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు పనివారిపై చేసిన పరిశోధనను 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకంగా తెచ్చారు. ప్రపంచమంతా చదివిన పుస్తకమది. ఆమె గమనించిన విషయం సూటిగా ఉంటుంది. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీని చుట్టూ ఉన్నవారు గృహిణి అనే అన్నారు. ఆమె అల్లికను తీరిక వేళ కాలక్షేపం కింద కట్టేశారు. ముక్కకింత అని ఇచ్చే కూలి ఆ లెక్క వల్లే తక్కువగా ఉండిపోయింది. దారం ఇచ్చేవారు, సరుకు ఎగుమతి చేసేవారు ఎక్కువగా మగవాళ్లు. లాభం వాళ్ల దగ్గర చేరింది.

ఇది పాత కథ అనుకుని పక్కన పెట్టడానికి లేదు. ఇప్పటికీ అల్లే మనిషిని చూసి “ఊరికే కూర్చున్నావు కదా, కాస్త ఇది చూడు” అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. ఆ మాట కారులోకి కూడా ఎక్కుతుంది. అందుకే కూలికో ఆర్డరుకో అల్లే పనిని, తన ఇష్టానికి అల్లే పనిని ప్రయాణానికి ముందు విడదీసుకోవాలి. వెంట తీసుకెళ్లాల్సింది రెండోది.

దీనికి లెక్క కూడా ఉంది. ఆర్డరు ముక్కకు గడువుంటుంది, కొలత ఉంటుంది, తెలుపు తెలుపులానే ఉండాలి. దారిలో మరక పడినా, కుదుపుకు ఒక కన్ను జారినా నష్టం అల్లినవారిదే. అరకు చూడటానికి వెళ్లి కిటికీ వైపు తలెత్తకుండా గడువు ముక్క పూర్తి చేసిన మనిషి సెలవు తీసుకున్నట్టు కాదు, పనిచోటు మార్చుకున్నట్టు. ఆర్డరు మిగిలి ఉంటే బయల్దేరేముందే పూర్తి చేయాలి. లేదంటే “వచ్చాక బుధవారానికి ఇస్తాను” అని ముందే చెప్పాలి. ఈ ఒక్క ఫోను చేసేస్తే ప్రయాణంలో సగం బరువు దిగిపోతుంది.

తన కోసం అల్లుకునే పని మనసుకు ఏం చేస్తుందో తెలిపే పరిశోధన కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని వొల్లంగాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 87 దేశాల నుంచి 8,391 మంది క్రోషా అల్లేవారిని ప్రశ్నించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. అల్లిక వల్ల మనసు నెమ్మదిస్తుందని 89.5 శాతం, సంతోషంగా ఉంటుందని 82 శాతం చెప్పారు. జవాబులిచ్చినవారంతా అల్లికను ఇష్టపడి ఎంచుకున్నవారే కాబట్టి ఈ అంకెలను అందరికీ వర్తింపజేయలేం. అయితే ఇష్టంగా అల్లేవారికి అది ఏమిస్తుందో వాటిలో స్పష్టంగా ఉంది. గడువు లేని ముక్కకే ఆ నెమ్మది సాధ్యం.

ప్రయాణానికి పనికొచ్చే ముక్క

మూడు గుణాలుంటే చాలు. అరచేతిలో ఇమడాలి. అరగంటలోపు పూర్తవ్వాలి. రెండోసారి అల్లేసరికి నమూనా చూడనక్కర్లేకుండా చేతికి వచ్చేయాలి.

ఉదాహరణకు ఆరు రేకుల పువ్వు తీసుకుందాం. ఆరు గొలుసు కన్నులు వేసి, చివరి కన్నును మొదటిదానితో కలిపితే చిన్న వలయం అవుతుంది. పైకి మూడు గొలుసులు వేస్తే అది మొదటి పొడుగు కుట్టు కింద లెక్క. దాని పక్కన వలయంలోనే మరో పదిహేడు పొడుగు కుట్లు వేస్తే మొత్తం పద్దెనిమిది. అక్కడ వలయాన్ని మూసేయాలి. రెండో వరుసలో ఐదు గొలుసులు వేయడం, రెండు కుట్లు వదిలి మూడోదానిలో పొట్టి కుట్టుతో బిగించడం. ఇలా ఆరుసార్లు చేస్తే ఆరు తోరణాలు వస్తాయి. మూడో వరుసలో ఒక్కో తోరణంలో పొట్టిది ఒకటి, మధ్యరకం ఒకటి, పొడుగువి మూడు, మళ్లీ మధ్యరకం ఒకటి, పొట్టిది ఒకటి. ఈ ఏడు కుట్లూ పడగానే రేకు దానంతటదే వంపు తిరుగుతుంది. ఆరు రేకులు పూర్తయ్యాక దారం తెంపి, కొసను అర జానెడు వదిలేయాలి. అతుకుపనికి ఆ కొసే కావాలి.

చేయి తిరిగినవారికి ఇది సుమారు ఇరవై నిమిషాల పని. మూడు వరుసలు కాబట్టి ఎక్కడ ఆపినా ఎక్కడ ఉన్నామో చూడగానే తెలుస్తుంది. పన్నెండు పువ్వులైతే మూడు అడ్డం, నాలుగు నిలువుగా అతికి చిన్న బల్లగుడ్డ చేయవచ్చు. ఒక ప్రయాణంలో ఐదే అయితే ఐదే. మిగతావి తర్వాతి ప్రయాణంలో వస్తాయి.

దారం విషయంలో ఒక మాట. క్రోషా నూలు దారానికి అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుంది. 40 నంబరు లేసుకు అందమే, కానీ కదిలే కారులో ఒక మిల్లీమీటరు సూదితో దాన్ని పట్టుకోవడం కళ్లకు శిక్ష. ప్రయాణానికి 10 నంబరు దారం, ఒకటిన్నర నుంచి ఒకటిముప్పావు మిల్లీమీటర్ల స్టీలు సూది హాయిగా ఉంటాయి. ఊలు అయితే నాలుగైదు మిల్లీమీటర్ల సూది. తెలుపు కంటే పసుపో, ఆకుపచ్చో మేలు. కన్ను తేలిగ్గా కనిపిస్తుంది, చేతి చెమట అంతగా తెలియదు.

దారం ఎంత తీసుకెళ్లాలో ఊహించాల్సిన పనిలేదు. ఇంట్లో ఒక పువ్వు అల్లి, చిన్న తూకం యంత్రం మీద పెట్టి చూడాలి. రెండు గ్రాములు తూగితే పన్నెండింటికి ఇరవై నాలుగు. ఊడదీసి మళ్లీ అల్లడానికి, కొసలకు కలిపి ముప్పై గ్రాములు వేసుకుంటే సరిపోతుంది. రంగు దారమైతే ఉండలన్నీ ఒకే లాట్ నంబరువి కొనాలి. ఆ నంబరు ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద ఉంటుంది. లాట్ మారితే ఒకే ఎరుపు రెండు ఎరుపులుగా కనిపిస్తుంది. అమలాపురంలో కొన్న దారం దారిలో అయిపోతే విశాఖలో సరిగ్గా అదే దొరుకుతుందన్న భరోసా లేదు.

డబ్బా సర్దుకోవడం

సంచి కంటే గట్టి మూత ఉన్న డబ్బా మంచిది. ప్లాస్టిక్ డబ్బా మూతకు చిన్న రంధ్రం చేసి, అంచు గరుకు లేకుండా రుద్ది, దారం కొసను అందులోంచి బయటికి తీస్తే ఉండ లోపలే తిరుగుతుంది. సీటు కింద దొర్లదు, చెప్పుల మట్టి అంటదు. డబ్బాలో ఉండాల్సినవి ఇవి:

- ఒకే కొలతవి రెండు సూదులు. ఒకటి సీట్ల మధ్య సందులో పడితే కారాపి వెతకనక్కర్లేదు. మొనలకు చిన్న రబ్బరు ముక్క గుచ్చి ఉంచాలి.
- మొన గుండ్రంగా ఉండే బుల్లి కత్తెర.
- నాలుగు పిన్నీసులు. పని ఆపేటప్పుడు ఆఖరి కన్నులో పిన్నీసు గుచ్చితే అల్లిక ఊడదు.
- అతుకుపనికి మొద్దు మొన ఉన్న పెద్ద సూది. ఇది బస దగ్గర వాడటానికి.
- తడిపిన చేతి రుమాలు ఒకటి, పొడిది ఒకటి.
- చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. నమూనాను ఫోనులో ఫొటో తీసుకున్నా వరుసల లెక్కకు కాగితమే నయం.

రుమాళ్లు ఎందుకంటే, కోనసీమ నుంచి బయల్దేరే కారులో తినుబండారాలు లేకుండా ఉండవు. 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆత్రేయపురం పూతరేకు ఒక్కటి విప్పితే చాలు, వేళ్లకు నెయ్యి, బెల్లం పొడి అంటుతాయి. ఆ వేళ్లతో దారం పట్టుకుంటే మరక పువ్వు మధ్యదాకా పాకుతుంది. తినేటప్పుడు డబ్బా మూత వేయాలి. తిన్నాక తడి రుమాలుతో తుడిచి, పొడి రుమాలుతో ఆరబెట్టుకున్నాకే సూది అందుకోవాలి. అప్పటికీ నెయ్యి అంటితే ఆ చోట కాస్త బియ్యప్పిండి చల్లి ఉంచి, బస చేరాక వంటగిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా కడగాలి. పిండకూడదు.

ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు ఆపాలి

అల్లేవారు ముందు సీట్లో కూర్చోకూడదు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. ఆ క్షణంలో చేతిలో స్టీలు సూది ఉంటే అది ముఖం వైపే వస్తుంది. వెనక సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి అల్లాలి. వెనక సీటు బెల్టు విషయంలో ఇప్పటికీ చాలామందిది నిర్లక్ష్యమే. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. ఆయన వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదని దర్యాప్తులో తేలింది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం బెల్టు పెట్టుకోకపోతే రూ.1,000 జరిమానా ఉంది. జరిమానా సంగతి ఎలా ఉన్నా పక్కన పిల్లలున్న తల్లి బెల్టు పెట్టుకుంటే పిల్లలూ పెట్టుకుంటారు.

తల తిరగడానికి కారణం కళ్లకూ చెవికీ మధ్య కుదరని మాట. కళ్లు ఒడిలోని పువ్వును చూస్తూ కదలిక లేదంటాయి. లోపలి చెవి కారు మలుపులన్నీ పసిగట్టి కదులుతున్నామంటుంది. మెదడు తికమక పడి కడుపులో తిప్పుతుంది. అందుకే వరుసకోసారి తలెత్తి కిటికీలోంచి దూరంగా కనిపించే కొబ్బరి తోపునో, చేను గట్టునో కాసేపు చూడాలి. మొదటి పావుగంట అసలు అల్లకపోవడం మంచిది. నోట్లో నీళ్లూరడం, చెమట పట్టడం మొదలైతే వెంటనే డబ్బా మూయాలి, ఈ వరుస అయ్యాక చూద్దామని సాగదీయకూడదు.

దారిని బట్టి కూడా పని మారుతుంది. రావులపాలెం నుంచి కొత్తపేట, అంబాజీపేట మీదుగా అమలాపురం వచ్చే దారిలో ఊళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ఊరూరికీ స్పీడు బ్రేకర్లుంటాయి. అక్కడ సన్నపని కుదరదు, అలవాటైన గొలుసులు వేసుకోవచ్చు. జాతీయ రహదారి 16 మీద తిన్నగా సాగే గంటలు మూడో వరుస రేకులకు అనువైనవి. అరకు, మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మొదలవగానే అల్లిక బంద్. చీకటి పడ్డాక కూడా అంతే. లోపలి దీపం వేస్తే నడిపేవారికి ముందు అద్దంలో దారి సరిగా కనిపించదు.

ప్రతి అరగంటకు సూది కింద పెట్టి వేళ్లు బాగా చాచి ముడవాలి, మణికట్టు అటూ ఇటూ తిప్పాలి, భుజాలు వదులు చేయాలి. నడిపేవారికీ రెండు గంటలకోసారి విరామం కావాలి కాబట్టి ఆ ఆగడంలో అల్లేవారు కూడా దిగి నాలుగడుగులు వేస్తే నడుముకు మంచిది.

మూడు దారులు

కొత్తగా మొదలుపెట్టేవారికి మొదటి దారి దగ్గరిదే. అమలాపురం నుంచి రాజోలు, దిండి, చించినాడ వంతెన మీదుగా నరసాపురం వెళ్లాలి. లేసు వ్యాపారం జరిగే ఊరది. దుకాణాల్లో ముక్కలను చేతిలోకి తీసుకుని, పువ్వుకూ పువ్వుకూ మధ్య అతుకు ఎలా దాచారో వెనక్కి తిప్పి చూడాలి. నేర్చుకునేవారికి అతుకు వెనక వైపే అసలు పాఠం. తిరుగుదారిలో నరసాపురం రేవులో కార్లను నది దాటించే పంటు ఎక్కితే సఖినేటిపల్లిలో దిగుతారు. అక్కడి నుంచి వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది వెళ్లి, లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని రాజోలు మీదుగా ఇల్లు చేరవచ్చు. పంటు మీద గాలి బలంగా ఉంటుంది, అందరూ కారు దిగి నదిని చూస్తారు. డబ్బా కారులోనే ఉంచడం మేలు. వానాకాలంలో గోదావరికి వరద వస్తే పంటు ఆపేస్తారు. మాఘమాసంలో స్వామి కల్యాణం రోజుల్లో రేవు కిటకిటలాడుతుంది. ముందుగా కనుక్కుని బయల్దేరాలి.

రెండోది ఒక రోజు దారి. అమలాపురం పక్కనే ఉన్న బండారులంకలో మగ్గాల చప్పుడు విని, మురమళ్ల వీరేశ్వరస్వామిని చూసుకుని, ఎదుర్లంక వంతెన దాటి యానాం, కాకినాడ మీదుగా ఉప్పాడ చేరవచ్చు. ఉప్పాడ జమ్దానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బుటా దారాన్ని పడుగు పోగుల మధ్య చేత్తో పెట్టుకుంటూ నేస్తారు, అందుకే చీర ఏ వైపు తిప్పినా బుటా ఒకేలా ఉంటుంది. లేసు అల్లేవారు ఆ రంగుల జోడింపును నోటుపుస్తకంలో రాసుకుంటే తమ పువ్వులకు కొత్త రంగులు దొరుకుతాయి. ఉప్పాడ తీరం కోతకు గురవుతున్న చోటు. సముద్రం ఎగసిపడే రోజుల్లో కాకినాడ బీచ్ రోడ్డు బదులు పిఠాపురం దారి పట్టాలి.

మూడోది ఊలు అల్లేవారి దారి. కోనసీమ ఉక్కకు ఊలు పనికిరాదు. శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా దిగే లంబసింగికి మాత్రం అది అవసరం. తుని, నర్సీపట్నం మీదుగా వెళ్లే ఈ ప్రయాణాన్ని డిసెంబరు, జనవరిలో పెట్టుకుంటే నవంబరు నుంచే ఇంట్లో టోపీల పని మొదలవుతుంది. పిల్లల టోపీకి తల చుట్టుకొలత తీసుకుని, అంతకంటే రెండు సెంటీమీటర్లు తగ్గించి అల్లాలి. ఊలు సాగుతుంది కాబట్టి అప్పుడే తలకు పట్టి ఉంటుంది. గుచ్చుకుంటుందని ఏడ్చే పిల్లలకు యాక్రిలిక్ దారం సుఖం. నర్సీపట్నం దాకా ఆఖరి వరుసలు వేసి, ఘాట్ మొదలయ్యేలోపు దారం తెంపేస్తే మర్నాడు పొద్దున పొగమంచులో పిల్లలు ఆ టోపీలతోనే తిరుగుతారు.

ఇంట్లోవాళ్లతో ఒప్పందం

కారులో అల్లుకోవడానికి సమయం దానంతటది దొరకదు, అడిగి తీసుకోవాలి. నీళ్ల సీసా, బిస్కెట్టు పొట్లం, మందుల సంచి, ఛార్జరు అన్నీ ఒక్కరి కాళ్ల దగ్గరే ఉంటే ఆ ఒక్కరూ దారంతా అందించడానికే సరిపోతారు. తిండి సంచి పెద్ద పిల్లల చేతిలో పెట్టాలి, దారి చూపే పని ముందు సీట్లోవారిది. అత్తగారో, అమ్మగారో వెనక ఉంటే వాళ్ల మందుల వేళలు ఫోనులో అలారంగా పెట్టాలి.

అడగడం కూడా మెత్తగా, స్పష్టంగా ఉంటే చాలు. “ఏవండీ, సిద్ధాంతం దాటాక ఓ గంట నన్నేం అడక్కండి, ఈ పువ్వులు మూడూ అయిపోవాలి.” “అలాగేలే, గంటయ్యాక టీకి ఆపినప్పుడు చెబుతాను.” ఇంతకు మించి అక్కర్లేదు. ఆ గంట తర్వాత కిటికీ, కబుర్లు, పాటలు. అందరూ కలిసి ఉన్నప్పుడు తల దించుకుని అల్లుతూ పోతే పిల్లలకు అమ్మ పక్కనే ఉన్నా దూరంగా ఉన్నట్టే అనిపిస్తుంది. గంటకు హద్దు పెట్టుకోవడం అల్లేవారి బాధ్యత.

ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలు అడిగితే లావు సూది, లావు ఊలు ఇచ్చి గొలుసు వేయడం నేర్పవచ్చు. కారు ఆగి ఉన్నప్పుడు మొదటి కన్నులు చూపించాలి. చేతికి కట్టుకునేంత గొలుసు వస్తే అది వాళ్లకు పెద్ద విజయం. మగపిల్లలకూ ఇవ్వాలి. ఈ పని ఆడవాళ్ల కాలక్షేపమన్న మాట ఇంట్లోనే ఆగిపోవాలంటే అన్నయ్య చేతికీ చెల్లి చేతికీ ఒకే సూది అందాలి.

తిరిగొచ్చాక

బట్టలు ఉతుక్కున్నట్టే ఆ వారంలోనే పువ్వులకూ ఒక పూట కేటాయించాలి. గోరువెచ్చటి నీళ్లలో తేలికపాటి సబ్బు కలిపి నానబెట్టి, పిండకుండా తువ్వాలు మధ్య ఒత్తి నీరు తీయాలి. పల్చటి గంజిలో ముంచి, మందపాటి గుడ్డ మీద పరిచి, ఆరు రేకుల కొసలూ గుండుసూదులతో గుచ్చి నీడలో ఆరనివ్వాలి. ఆరాక రేకులన్నీ ఒకే కొలతకు వస్తాయి. కారు కుదుపులో కాస్త బిగిసినవీ, వదులైనవీ ఇక్కడే సర్దుకుంటాయి. తర్వాత వదిలిపెట్టిన కొసలతో అతుకుపని.

నోటుపుస్తకంలో రెండు పేజీలు విడిగా పెట్టుకోవాలి. ఎడమ పేజీలో ప్రయాణంలో తన కోసం అల్లినవి: తేదీ, దారి, ఎన్ని ముక్కలు, ఎక్కడ తల తిరిగింది, ఎక్కడ పని హాయిగా సాగింది. కుడి పేజీలో ఇంట్లో ఆర్డరుకు అల్లినవి: ముక్కకు పట్టిన నిమిషాలు, దారం ఖర్చు, చేతికొచ్చిన డబ్బు. నెలాఖరుకు కుడి పేజీ కూడితే గంటకు ఎంత గిట్టిందో తేలుతుంది. బేరం వచ్చినప్పుడు ఆ అంకె చూపించి ధర అడగవచ్చు. ఎడమ పేజీ చూస్తే తర్వాతి ప్రయాణానికి ఏ ముక్క, ఏ దారి అన్నది తెలుస్తుంది. పువ్వులు పన్నెండు కావడానికి ఇంకా ఏడు కావాలంటే వచ్చే ఆదివారం అమలాపురం నుంచి ఉప్పాడ దాకా, అటు నుంచి ఇంటిదాకా పట్టే గంటలు వాటికి సరిపోతాయి. డబ్బాలో పదిహేను గ్రాముల దారం, రెండు సూదులు ఇవాళే పెట్టి ఉంచాలి.